మనవలతో పాపికొండలకా?

సంక్రాంతికి మనవలొస్తున్నారంటే తాతయ్య మనసంతా గోదారి మీదే. అరిసెలు, పూతరేకులు సరే... పాపికొండల లాంచీ ఎక్కించకపోతే ఎలా! పాపిడి తీసినట్టు కొండల మధ్య నుంచి సాగే నది, పేరంటపల్లిలో ఆశ్రమం, పక్కనే సెలయేటి చప్పుడు... పిల్లలకు ఏళ్ల తరబడి గుర్తుండిపోతాయి.

అయితే టికెట్టు కన్నా ముందు చూడాల్సింది లైఫ్‌జాకెట్‌. కొండల నడుమ గోదారి ఇరుకు, లోతూ ఎక్కువే. వరదొస్తే సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు అందులోని 77 మందిలో 26 మందే బయటపడ్డారు. అందుకే వరద రోజుల్లో ఆ ప్రయాణం వద్దు. నవంబరు దాటాకే మేలు.

పెద్దల జాకెట్‌ ఐదేళ్ల బుడతడికి తొడిగితే నీళ్లలో పైకి జారిపోతుంది. పిల్లల బరువుకు తగ్గదే అడగాలి. పట్టీలు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి వచ్చిందా... వదులన్నమాటే! సరిపోయేది లేదంటే ఆ లాంచీ ఎక్కకపోవడమే మంచిది. ‘ఉక్కపోస్తోంది నానమ్మా’ అని మనవరాలు మారాం చేసినా దిగేదాకా విప్పకూడదు. నానమ్మ కూడా ఒకటి తొడుక్కుని పక్కన కూర్చుంటే సగం పేచీ తీరినట్టే!