కుండీ మట్టి కంపు కొట్టుచున్నదా?

తొలకరి వాన పడగానే నేలనుండి వచ్చు కమ్మని వాసన రైతు సోదరులకు క్రొత్త కాదు. మట్టిలో నివసించు ఆక్టినోమైసిటీస్ అను సూక్ష్మజీవులు తయారుచేయు జియోస్మిన్ అను పదార్థమే ఆ వాసనకు ముఖ్య కారణము. అది ఆరోగ్యముగ నున్న నేల వాసన. కుండీలోని మట్టికి కూడ అదే వాసన ఉండవలెను. దానికి మారుగ మురుగు కాలువ కంపు గాని, కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గాని వచ్చినచో, లోపల వేళ్ళకు ఊపిరి ఆడుట లేదని తెలిసికొనవలెను.

ఇది వసారాలోని క్రోటన్లకు, గులాబీ కుండీలకు మాత్రమే చెందిన విషయమని తోసివేయరాదు. కడియము నర్సరీల నుండి తెచ్చిన మామిడి, సపోటా, జామ అంట్లు వానలకై పెరటిలో సంచులతో వేచియుండును. మిరప నారు మడిలో పెరుగుచుండును. పాఠశాలలోను, పంచాయతీ కార్యాలయములోను వరుసగ కుండీలు ఉండును. వీటన్నిటికి వచ్చు చిక్కు ఒక్కటే. అంటు చచ్చినచో పోవునది దాని ఖరీదు మాత్రమే కాదు. తోటలో ఆ గుంత మరల వానకాలము వచ్చువరకు ఖాళీగ ఉండును.

కంపు ఎందుకు వచ్చును?

మట్టి రేణువుల నడుమ సన్నని ఖాళీలు ఉండును. వాటిలో కొంత నీరు, కొంత గాలి ఉన్నప్పుడే వేళ్ళు బాగుగ పనిచేయును. నీరు ఎక్కువై ఖాళీలన్నియు నిండినచో గాలికి చోటుండదు. ప్రాణవాయువు గాలిలో వ్యాపించు వేగముతో పోల్చినచో, నీటిలో సుమారు 10,000 రెట్లు మెల్లగ వ్యాపించును. లోపల మిగిలిన ప్రాణవాయువును వేళ్ళు, సూక్ష్మజీవులు కొద్ది కాలములోనే వాడివేయును. అప్పుడు గాలి అక్కరలేని సూక్ష్మజీవులు విజృంభించి, హైడ్రోజన్ సల్ఫైడు మొదలగు దుర్వాసన గల వాయువులను పుట్టించును.

గాలి అందని వేళ్ళు గోధుమ రంగుకు, పిదప నలుపునకు తిరిగి మెత్తబడును. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు. అందువలన చుట్టును నీరున్నను ఆకులు వాడిపోవును. చూచినవారు మొక్కకు దాహమైనదని తలచి మరొక చెంబు నీరు పోయుదురు. కుండీలలో చచ్చు మొక్కలలో చాల భాగము ఈ చెంబుతోనే చచ్చుచున్నవి. తడి మట్టిలో వాడిన మొక్కకు కావలసినది నీరు కాదు, గాలి.

బూజులన్నియు ఒకటి కావు

మట్టిపై తెల్లగ ఏది కనిపించినను భయపడి మందు కొట్టుట తగదు. ముందుగ అది ఏదో గుర్తింపవలెను.

1. దూదివలె తెల్లని బూజు మట్టి పైభాగమున పరచుకొని యుండుట: ఇది చివకని పేడను, రాలిన ఆకులను తిని బ్రతుకునది. మొక్కకు హాని చేయదు. పైమట్టి ఎప్పుడును ఆరుట లేదనుటకు ఇది గుర్తు.

2. గరుకుగ, పెచ్చువలె తెల్లని పొర: ఇది బూజు కాదు, బోరు నీటిలోని లవణము. చిటికెడు తీసి నీటిలో వేసినచో చాలవరకు కరుగును. పైన అర అంగుళము మట్టి తీసివేసి, అడుగునుండి ధారాళముగ కారిపోవునట్లు మంచి నీరు ఒకసారి పోయవలెను. వాన నీరు దొరికిన మరియు మేలు.

3. చిన్న పసుపు పచ్చని కుక్కగొడుగులు: ఇవియు కుళ్ళిన పదార్థమును తినునవే. మొక్కకు నష్టము లేదు. కాని వీటిని తినరాదు. పిల్లలున్న ఇంట వెంటనే పెరికి పారవేయవలెను.

4. కాండము మొదట తెల్లని దారములు, వాటి నడుమ ఆవగింజల వంటి గుండ్లు: ఇది ప్రమాదకరమైనది. వేరుసెనగలో కాండముకుళ్ళు కలిగించు స్క్లీరోషియం రాల్ఫ్సీ అను శిలీంధ్రమే ఇది. ఆ గుండ్లు మట్టిలో కొన్ని సంవత్సరములు బ్రతికియుండును. మొక్కను మట్టితో సహా తీసి, మొక్కను కాల్చివేయవలెను. ఆ మట్టిని పొలములోను, ఎరువు గుంతలోను వేయరాదు.

ఏమి చేయవలెను?

కంపు తెలిసిన వెంటనే నీరు ఆపవలెను. కుండీని గాలి తగులు నీడకు మార్చవలెను. అడుగు రంధ్రము మూసికొని పోయినదేమో పుల్లతో పొడిచి చూడవలెను. క్రింది పళ్ళెములోని నీరు పారబోయవలెను. పైన అంగుళము మందమున బూజు పట్టిన మట్టి తీసి, ఆరిన క్రొత్త మట్టి వేయవలెను. ఉబ్బసము గలవారు ఈ పని ఇతరులకు అప్పగించుట మంచిది. చేయువారు ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను.

మట్టి ఆరినను కంపు పోనిచో, మొక్కను మట్టిగడ్డతో మెల్లగ బయటికి తీసి వేళ్ళు చూడవలెను. తెల్లగ, గట్టిగ ఉన్నవి మంచివి. నల్లబడి, పట్టి లాగినచో పైతోలు ఊడివచ్చునవి కుళ్ళినవి. మరిగిన నీటిలో ముంచి తీసిన కత్తితో కుళ్ళిన వేళ్ళను కోసివేసి, మొక్కను క్రొత్త మట్టిలో నాటవలెను. వేళ్ళు తగ్గినవి గనుక కొన్ని కొమ్మలు కూడ కత్తిరింపవలెను. క్రొత్త చిగురు వచ్చువరకు యూరియా మొదలగు ఎరువులు వేయరాదు. వేళ్ళు దాదాపు అన్నియు కుళ్ళియున్నచో, క్రోటను, గులాబీ వంటివాటికి ఆరోగ్యముగ నున్న కొమ్మలు కత్తిరించి వేరుగ నాటుకొనుట మేలు.

అంట్ల సంచులకు కూడ ఇదే పద్ధతి. సంచులను పల్లములో గుంపుగ పేర్చక, మెరక మీద, వాన నీరు నిలువని చోట ఉంచవలెను. సంచికి అడుగున, ప్రక్కల రంధ్రములు లేనిచో పొడవవలెను.

నారుమడిలో మొక్కలు మొదట మెత్తబడి పడిపోవుట మొదలైనచో అది నారుకుళ్ళు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మడి తడియునట్లు పోయవలెను. అయితే మడి చుట్టును మురుగు కాలువ తీయనిచో ఈ ఖర్చు వృథా. విత్తనము ఒత్తుగ చల్లక, సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు మళ్ళలో పలుచగ వేసినచో తెగులు తగ్గును. ఇంట తిను తులసి, కరివేపాకు, కొత్తిమీర కుండీలలో మందు పోయక, మట్టి మార్చుటయే మంచిది.

మట్టిని కలుపు పద్ధతి

ఎర్రమట్టి రెండు పాళ్ళు, ఇసుక ఒక పాలు, బాగుగ చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలుపవలెను. నల్లరేగడి మాత్రమే వాడరాదు. అది తడిసినప్పుడు జిగురై గాలిని ఆపును. చివికిన ఎరువును చేతబట్టినచో పొడిపొడిగ ఉండును, పేడ వాసన రాదు, లోపల వేడి ఉండదు. కొబ్బరి పొట్టు తన బరువుకు అనేక రెట్లు నీటిని పట్టియుంచును గనుక, అది కలిపిన కుండీలకు నీరు తక్కువ పోయవలెను.

కుండీ అడుగున గులకరాళ్ళు మందముగ పరచినచో నీరు త్వరగ దిగునని పలువురి నమ్మకము. అది సరి కాదు. సన్నని మట్టిలోని నీరు పెద్ద ఖాళీలలోనికి సులభముగ దిగదు. రాళ్ళకు పైననే నిలిచిపోవును. రంధ్రముపై ఒక పెంకు బోర్లించిన చాలును. మట్టి కుండీ గోడలనుండి తడి ఆరును. ప్లాస్టిక్ కుండీకి ఆ గుణము లేదు. కనుక రెంటికి ఒకే లెక్కన నీరు పోయరాదు.

పాత మట్టిని మరల వాడదలచినచో, ఏప్రిల్, మే నెలలలో దానిని తడిపి, పలుచని తెల్లని పారదర్శక పాలిథీన్ పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి, 4 నుండి 6 వారములు ఎండలో ఉంచవలెను. ఈ పద్ధతిని 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. మన ఎండలకు ఇది మిక్కిలి అనువైనది, ఖర్చు తక్కువ.

ఎక్కువ మొక్కలు పెంచువారు 90 కిలోల చివికిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తడి చల్లుచు నీడలో వారము, పది దినములు ఉంచి మట్టిలో కలుపవచ్చును. ట్రైకోడెర్మా కూడ ఒక ఆకుపచ్చని బూజే. కాని అది కుళ్ళు కలిగించు శిలీంధ్రములను నాశనము చేయు మేలైన బూజు.

నీరు పోయుటకు ముందు

వ్రేలిని రెండవ కణుపు వరకు మట్టిలో గ్రుచ్చి చూడవలెను. తడి తగిలినచో ఆ దినము నీరు అక్కరలేదు. వానకాలములో ఈ పరీక్ష మరువరాదు. గ్రామాధికారులు తమ కార్యాలయములలోను, పాఠశాలలలోను కుండీల క్రింది పళ్ళెములను వారమునకు ఒకసారి ఖాళీచేసి తుడిపించవలెను. నిలిచిన ఆ నీటిలోనే డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమ పెరుగును.

వాసన, బూజు కనిపించిన వెంటనే మందుల అంగడికి వెళ్ళనక్కరలేదు. ముందు కుండీ అడుగు రంధ్రము, తరువాత మట్టిలోని తడి, ఆ పిమ్మట వేళ్ళు చూచుడు. ఈ మూడును సరిచేసినచో చాల కుండీలకు మందు అవసరమే ఉండదు.