మీకు తెలుసా? మన చక్రాల ఇల్లు
అమెరికాలో చెరువు గట్టు పార్కుల్లో ఆర్‌వీ అనే ఇంటిలాంటి బండి ఆపుకుని, అందులోనే వండుకుని పడుకోవడం మామూలే. బండినే ఇల్లు చేసుకున్న ఘనత మన రాజకీయాల్లోనూ ఉంది!

• 1982లో తెలుగుదేశం పార్టీ పెట్టిన ఎన్టీఆర్ ఊరూరా తిరగడానికి ఓ పాత షెవ్రొలే వ్యానును మార్పించుకున్నారు. అదే ‘చైతన్య రథం’.

• డ్రైవరు సీట్లో కొడుకు హరికృష్ణ. లోపల విశ్రాంతి, పైకప్పు మీద ప్రసంగం. సభలకు వేరే వేదికతో పనే లేదు. స్నానం, భోజనం చాలాసార్లు రోడ్డు పక్కనే.

• పార్టీ పుట్టింది 1982 మార్చి 29న. ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1983 జనవరి 9న. అంటే పది నెలలైనా నిండలేదు.

• 1996 జనవరి 18న కన్నుమూసిన ఎన్టీఆర్ సమాధి హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉంది. పక్కనే ఆయన పేరిట ఎన్టీఆర్ గార్డెన్స్.

• సాగర్ నడుమ బుద్ధ విగ్రహం ఆలోచన కూడా ఆయనదే. 1990లో తరలిస్తుండగా నీట మునిగిన ఆ ఏకశిలా విగ్రహాన్ని బయటికి తీసి, 1992లో నిలబెట్టారు.