ఇంటిపన్ను పెంచితే బడికి దక్కేదెంత?

విజయవాడ: బడి గోడ బీటలిచ్చినా, మరుగుదొడ్డికి నీరు లేకపోయినా పల్లెల్లో ముందుగా వినవచ్చే మాట "నిధులు లేవు" అన్నదే. అందుకోసం ఇంటిపన్ను పెంచితే తప్పేమిటని కొందరు, కట్టే పన్నుకే లెక్క తెలియదని మరికొందరు వాదిస్తుంటారు.

గ్రంథాలయ సెస్సునే తీసుకుంటే, 1960 నాటి చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఆ సొమ్ము సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ల తరబడి ఉన్నది. బడి పేరిట వేసే పన్నుకూ ఇదే గతి పట్టదన్న హామీ ఏది?

పట్నం అనుభవమూ ఉన్నది. 2021 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రంలోని పట్టణాల్లో అద్దె విలువకు బదులు మూలధన విలువపై ఆస్తిపన్ను విధించారు. పెంపు ఏటా 15 శాతం మించదని ప్రభుత్వం చెప్పినా విజయవాడలో ఆందోళనలు జరిగాయి. స్థలం ధర పెరిగినంత మాత్రాన అందులో కాపురముండేవాని రాబడి పెరగదు గదా! 2022లో పురపాలక పాఠశాలల పర్యవేక్షణ విద్యాశాఖకు మారింది. పన్ను కట్టేది ఒకచోట, బడి అజమాయిషీ మరొకచోట అయింది.

కౌలు రైతుకు, కూలికి పది రూపాయలైనా బరువే. అయినా బడి బాగుపడుతుందంటే కాదనే తల్లిదండ్రులు అరుదు. కావలసినది నమ్మకం. పెంపును ముందుగా గ్రామసభలో చర్చించి, బడికి ఖర్చయిన ప్రతి రూపాయినీ పంచాయతీ నోటీసు బోర్డుపై రాస్తే సగం పేచీ తీరుతుంది.