సగానికి పడిన షేరు చవకా?

"మొన్నటిదాకా 500 ఉన్న సాఫ్ట్‌వేర్ షేరు ఇప్పుడు 240. పెద్ద కంపెనీ, ఎక్కడికీ పోదు. పాత రేటుకు వస్తే చాలు, డబ్బు రెట్టింపు." కంపెనీ పేరు, అంకెలు మారతాయి గానీ మెసేజ్ మాత్రం ఇదే. గుర్రంకొండ నుంచి మదనపల్లె, పుంగనూరు, కుప్పం దాకా వాట్సాప్ గ్రూపుల్లో ఇది తిరుగుతూనే ఉంటుంది. బెంగళూరు దగ్గర కావడంతో మన వైపు దాదాపు ప్రతి ఊళ్లోనూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలున్నారు. డీమాట్ ఖాతా ఫోన్‌లోనే తెరుచుకుంటోంది. మండీలో టమోటా లెక్క తేలిన వారం, పాల బిల్లు పడిన రోజు ఆ మెసేజ్ కంటపడితే చాలు, వచ్చే పంటకు పెట్టుబడిగా ఉండాల్సిన డబ్బు అందులోకి పోతోంది. ఇంకా పడితే "యావరేజ్ చేద్దాం" అని మరికొంత పెడుతున్నారు. పోగొట్టుకున్నవాళ్లు నోరు విప్పి చెప్పుకోరు కాబట్టి మెసేజ్‌కు అడ్డే లేకుండా పోయింది.

అపోహ ఇదీ: ధర సగానికి పడిన టెక్ షేరు చవక.

ఇది నమ్మాల్సిన అవసరం మన ప్రాంతంలో అస్సలు లేదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమోటా కిలో వంద దాటింది. యాభైకి దిగినప్పుడు "సగం ధరకే వచ్చింది" అని కొని నిల్వపెట్టిన వ్యాపారి ఎవరైనా ఉన్నారా? సెప్టెంబరు నాటికి అది పది రూపాయలకు అటూ ఇటూ అయింది. నిన్నటి రేటు రేపటి రేటుకు హామీ కాదని మండీలో అందరికీ తెలుసు. షేరు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని ఎందుకు పక్కన పెడుతున్నాం?

కంపెనీ చవకో ఖరీదో షేరు ధర ఒక్కటే చెప్పలేదు. ఆ ధరను మొత్తం షేర్ల సంఖ్యతో గుణిస్తే కంపెనీకి మార్కెట్ కట్టిన విలువ వస్తుంది. లెక్క కోసం రెండు కంపెనీలు అనుకుందాం. మొదటిదాని షేరు 12 రూపాయలు, షేర్లు 200 కోట్లు, ఏడాది లాభం 8 కోట్లు. రెండోదాని షేరు 1,500 రూపాయలు, షేర్లు ఒక కోటి, లాభం 75 కోట్లు. మొదటి కంపెనీ విలువ 2,400 కోట్లు, అంటే లాభానికి 300 రెట్లు. రెండోదాని విలువ 1,500 కోట్లు, లాభానికి 20 రెట్లు. ఈ రెట్లనే పీఈ అంటారు. పన్నెండు రూపాయల షేరే ఇక్కడ విపరీతమైన ఖరీదు. అది నిన్న 24 ఉండి ఈరోజు 12కు వచ్చిందంటే, 600 రెట్ల నుంచి 300 రెట్లకు దిగిందని మాత్రమే అర్థం.

ఇంకో జవాబు సిద్ధంగా ఉంటుంది. "లాభాలున్న కంపెనీయే, పీఈ కూడా తక్కువే, అయినా షేరు పడింది. ఇంకేం కావాలి?" తెలుగువాళ్లు ఈ మాట అనేముందు సత్యం కంప్యూటర్స్‌ను ఒక్కసారి గుర్తుచేసుకోవాలి.

రామలింగరాజు 1987లో హైదరాబాద్‌లో పెట్టిన కంపెనీ అది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ దాకా వెళ్లింది. 2008 సెప్టెంబరులో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. ఆ ఏడాది మధ్యలో షేరు 500 పైన ఉంది. డిసెంబరు 16న మేటాస్ ప్రాపర్టీస్‌ను, మేటాస్ ఇన్‌ఫ్రాలో పెద్ద వాటాను 160 కోట్ల డాలర్లకు కొంటామని బోర్డు ప్రకటించింది. రెండూ రాజు కుటుంబానికి చెందినవే. ఇన్వెస్టర్లు తిరగబడటంతో గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది, షేరు మాత్రం కుప్పకూలింది. 2009 జనవరి 6న ధర సుమారు 179. కంపెనీ చూపించిన లాభంతో పోలిస్తే అది ఏడెనిమిది రెట్లే. మన వాట్సాప్ సూత్రం ప్రకారం చూస్తే అంతకంటే మంచి బేరం ఉండదు: పెద్ద పేరు, తక్కువ పీఈ, మూడో వంతుకు దిగిన ధర.

మర్నాడు రాజు బోర్డుకు రాసిన లేఖ బయటికొచ్చింది. నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేవు. లెక్కల్లో రాయని అప్పు 1,230 కోట్లు ఉంది. సెప్టెంబరు త్రైమాసికంలో ఆదాయం 2,700 కోట్లు, నిర్వహణ లాభం 649 కోట్లు అని ప్రకటించారు. నిజమైన ఆదాయం 2,112 కోట్లు, నిజమైన లాభం 61 కోట్లు. 24 శాతం అనుకున్న మార్జిన్ 3 శాతమే. ఆ ఒక్కరోజులో షేరు 179 నుంచి 40 దగ్గరికి పడింది. ముందురోజు "చవక" అని లక్ష పెట్టినవారికి సాయంత్రానికి మిగిలింది పాతికవేల లోపే. పీఈ లెక్కలో కింద ఉండేది లాభం. ఆ లాభం అబద్ధమైనప్పుడు పీఈ కూడా అబద్ధమే.

"40కీ 20కీ కొన్నవాళ్లు బాగుపడ్డారు కదా?" అవును, బాగుపడ్డారు. ప్రభుత్వం రోజుల వ్యవధిలో పాత బోర్డును తొలగించి కొత్తవారిని వేసింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలు చెల్లించి కంపెనీని చేతిలోకి తీసుకుంది, 2013లో తనలో కలుపుకుంది. డబ్బు అబద్ధమైనా విదేశీ క్లయింట్లు, పనిచేసే వేలమంది ఇంజినీర్లు నిజం కాబట్టే కొనేవారు దొరికారు. ఆ కంపెనీని కాపాడింది అదే, ధర పడిపోవడం కాదు. దీనికి ఎనిమిదేళ్ల ముందు, 2001 మార్చిలో స్టాక్ బ్రోకర్ కేతన్ పారేఖ్ ఎగదోసిన షేర్లు కూలినప్పుడు పెంటామీడియా గ్రాఫిక్స్, డీఎస్‌క్యూ సాఫ్ట్‌వేర్, సిల్వర్‌లైన్ కూడా సగానికి పడ్డాయి, పావు వంతుకు పడ్డాయి, తర్వాత అడుగంటాయి. సగానికి పడినప్పుడు కొన్నవాళ్ల డబ్బు వాటితోపాటే పోయింది. "పడినవన్నీ లేస్తాయి" అనేవాళ్లు లేచిన వాటి పేర్లే చెబుతారు.

సత్యం పేరెత్తగానే ఇంకో మాట వినిపిస్తుంది: "ఆడిటర్లే కనిపెట్టలేకపోయారు, మనం బ్యాలెన్స్ షీటు చదివి ఏం లాభం?" ఇందులో కొంత నిజముందని నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. ఏడు వేలకు పైగా నకిలీ ఇన్వాయిస్‌లు, దొంగ బ్యాంకు స్టేట్‌మెంట్లు పుట్టించారు. ప్రైస్ వాటర్‌హౌస్ సంతకం ఉన్న లెక్కలను ఇంట్లో కూర్చుని చదివే ఇన్వెస్టరు తప్పుపట్టగలిగేవాడు కాదు. కానీ అందరికీ కనిపించేలా ఇంకొకటి ఉంది. ప్రమోటర్ల వాటా 2001లో 25 శాతం పైన ఉండేది, 2008 మార్చి నాటికి 9 శాతం లోపుకు దిగింది. మిగిలిన షేర్లు కూడా తాకట్టులో ఉన్నాయని ఆ డిసెంబరులో బయటపడింది. కంపెనీ అంత గొప్పగా ఉంటే యజమాని తన వాటాను ఏటా ఎందుకు వదులుకుంటున్నాడు? ఈ ప్రశ్న అడగడానికి అకౌంటెన్సీ చదవక్కర్లేదు. చదివినా మోసపోవచ్చు, నిజమే. చదవకపోతే మోసం అక్కర్లేకుండానే డబ్బు పోతుంది.

ఇన్ఫోసిస్ కథ ఈ అపోహకు పెద్ద అండ. "1993లో వంద షేర్లు కొన్నవాడికి ఇప్పుడు లక్ష పైన షేర్లున్నాయి, కాబట్టి పది రూపాయల ఏఐ షేరు కొని పెట్టుకో." బోనస్‌లు, స్ప్లిట్ కలిపి వంద షేర్లు 1,02,400 అయిన మాట నిజం. అయితే 1993 ఫిబ్రవరిలో ఐపీఓకు (తొలి పబ్లిక్ ఇష్యూకు) వచ్చేనాటికి ఇన్ఫోసిస్‌కు దాదాపు పన్నెండేళ్ల వయసు, విదేశీ క్లయింట్లు, లాభాలు ఉన్నాయి. పది రూపాయల ముఖవిలువ షేరును 95కు అమ్మారు. అప్పట్లో అది ఖరీదని చాలామంది వదిలేశారు, ఇష్యూ పూర్తిగా అమ్ముడుపోలేదు. అంటే ఇన్ఫోసిస్ కథ చెప్పేది పది రూపాయల షేరు గురించి కానే కాదు, ఖరీదుగా కనిపించినా లెక్కలు నిక్కచ్చిగా ఉన్న కంపెనీ గురించి.

మంచి కంపెనీ అయితే ఏ ధరకైనా కొనొచ్చు అనేది ఈ అపోహకు చెల్లెలు. 2000 మార్చిలో అమెరికా టెక్ కంపెనీ సిస్కో కొన్నాళ్లు ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ, ధర లాభానికి 200 రెట్ల దాకా. తర్వాతి ఇరవై ఏళ్లలో దాని అమ్మకాలు 1,900 కోట్ల డాలర్ల నుంచి 4,900 కోట్ల డాలర్లకు పెరిగాయి. ఆ ఇరవై ఏళ్లలో షేరు పాత గరిష్ఠాన్ని ఒక్కసారి కూడా అందుకోలేదు. కంపెనీ పెరిగింది, ఆ గరిష్ఠ ధరకు కొన్నవాడు మాత్రం నష్టంలోనే ఉండిపోయాడు.

అందరూ వాడుతున్నారు కాబట్టి షేరు మంచిదన్నది మరొకటి. మండీ గేటు దగ్గర టీ బంకులో కూడా పేటీఎం డబ్బా "రూపాయలు అందాయి" అని మోగుతుంది. 2021 నవంబరులో అదే కంపెనీ షేరు 2,150కి ఐపీఓకు వచ్చింది. మొదటి రోజే 27 శాతం పడింది, ఏడాది తిరిగేసరికి 500 లోపుకు వచ్చింది. అంతకు ముందటి ఆర్థిక సంవత్సరంలో 1,701 కోట్ల నష్టం వచ్చిందని, నష్టాలు కొనసాగవచ్చని ప్రాస్పెక్టస్‌లోనే రాశారు. టీ బంకులో డబ్బా మోగితే మనకు పని జరిగింది. కంపెనీకి మిగిలిందెంత అనేది వేరే లెక్క.

చిన్నవి ఒక్కో మాటలో. బోనస్ ఇస్తే ఆస్తి పెరగదు, షేర్లు పెరిగిన మేరకు ధర తగ్గుతుంది. పేరులో ఏఐ చేరిస్తే వ్యాపారం మారదు. టీవీలో చెప్పే టార్గెట్ ఒక అంచనా మాత్రమే. "మా అబ్బాయి అక్కడే పనిచేస్తున్నాడు" అంటే అతనికి తన ప్రాజెక్టు తెలుసు, కంపెనీ ఖాతాలు తెలియవు. ఆప్షన్లతో త్వరగా సంపాదించుకోవచ్చంటారా, 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్కగట్టింది.

మరి ఏం చూడాలి? బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో ప్రతి లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. మూడేళ్లవి పక్కపక్కన పెట్టుకోండి. ముందు లాభం పక్కన నిర్వహణ నుంచి వచ్చిన నగదు రాసుకోండి. ఏటా లాభం పెరుగుతూ నగదు మాత్రం రాకపోతే, అమ్మకాలు కాగితం మీదే ఉన్నాయేమో అనుమానించాలి. తర్వాత రావాల్సిన బాకీలు. అమ్మకాలు 10 శాతం పెరిగి, బాకీలు 40 శాతం పెరిగితే డబ్బివ్వని క్లయింట్లకు అమ్ముతున్నారన్నమాట. సాఫ్ట్‌వేర్ తయారీ ఖర్చును ఖర్చుగా రాయకుండా ఆస్తిగా చూపుతున్నారా అన్నదీ చూడండి, చిన్న టెక్ కంపెనీలు లాభాన్ని ఉబ్బించే తేలిక దారి అది. సర్వీసుల కంపెనీ అయితే పెద్ద క్లయింట్లు ఐదుగురి నుంచే సగం ఆదాయం వస్తోందా అన్నది, ఉద్యోగులు ఎంత శాతం మానేస్తున్నారన్నది చూడాలి. ఒక్క క్లయింట్ తప్పుకుంటే ఆ త్రైమాసికమే కూలుతుంది.

ప్రమోటర్ల వాటా, అందులో తాకట్టు ఎంత అనేది ప్రతి త్రైమాసికం ప్రకటిస్తారు. వాటా తగ్గుతూ తాకట్టు పెరుగుతుంటే మిగతా లెక్కలు చదవక్కర్లేదు, వదిలేయండి. కుటుంబ కంపెనీలతో లావాదేవీలకు నివేదికలో ప్రత్యేకంగా ఒక నోట్ ఉంటుంది. మేటాస్ లాంటి వ్యవహారాలు ఇలాంటి చోటే మొదలవుతాయి. ఆడిటర్ మధ్యలో రాజీనామా చేశారంటే కారణం తెలిసేదాకా ఆగండి. ఇవన్నీ నిలబడ్డాకే పీఈ వైపు చూడండి, అదీ అదే రంగంలోని ఇంకో రెండు కంపెనీలతో పోల్చి.

వచ్చే పంటకు విత్తనాల డబ్బు, పిల్లల ఫీజు, పెళ్లి కోసం దాచింది షేర్లలో పెట్టకండి. కంపెనీ మంచిదైనా షేరు మూడేళ్లు కిందే ఉండొచ్చు, నారు మూడేళ్లు ఆగదు. ఇక ఆ మెసేజ్ పంపినవారిని సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. చెబితే సెబీ సైట్‌లో సరిచూసుకోండి. చెప్పకపోతే గ్రూపులోంచి బయటికి రండి, వచ్చేటప్పుడు మీ బంధువులు అందులో ఎవరున్నారో చూసి వాళ్లనీ వెంట తీసుకురండి.