అంచు దగ్గర దూరం పెరుగుతుంది

కల్వకుర్తి చుట్టుపక్కల చెల్కల్లో రెండు రకాల పత్తి విత్తనాలు వేశారనుకుందాం. ఒకదాని సగటు దిగుబడి ఎకరానికి 8 క్వింటాళ్లు, రెండోదానిది 9. వానను నమ్ముకున్న చేలల్లో దిగుబడి చేనుకూ చేనుకూ 4 క్వింటాళ్ల మేర అటూ ఇటూ అవుతుంటే ఆ ఒక్క క్వింటాలు తేడా లెక్కలోకే రాదు. నీళ్లుండి హెచ్చుతగ్గు అర క్వింటాలుకు తగ్గితే అదే తేడా స్పష్టంగా తేలుతుంది. సగటును అడ్డంగా, హెచ్చుతగ్గును నిలువుగా గుర్తిస్తే ఒక్కో పంట పరిస్థితి ఒక్కో చుక్క. హెచ్చుతగ్గు సున్నా అయ్యే అడుగు గీత ఆ తలానికి అంచు. స్కేలు పెడితే పైన ఉన్న జంటకూ కింద ఉన్న జంటకూ దూరం ఒకటే. ఆ ఎడాన్ని అంచు నుంచి ఉన్న ఎత్తుతో భాగిస్తే మాత్రం పైన పావు, కింద 2 వస్తుంది. నిజానికి దగ్గరగా ఉన్నది ఈ లెక్కే అని నా వాదన.

ఇలా కొలవడానికి పునాది వేసినవారు తెలుగువారైన గణాంకవేత్త సి.ఆర్. రావు. 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. గణాంకవేత్త ఫిషర్ చెప్పిన ‘సమాచారం’ అనే రాశిని 1945 నాటి వ్యాసంలో దూరానికి కొలతగా మలిచారు. గంట ఆకారపు వితరణలకు దాన్ని వర్తింపజేస్తే వచ్చేది గణితవేత్తలు బోయాయ్, లొబచెవ్‌స్కీల హైపర్బోలిక్ జ్యామితే. అందులో ఎత్తు 4 నుంచి 2కు, 2 నుంచి 1కి, 1 నుంచి అరకు దిగడం అన్నీ సమాన దూరాలే, కాబట్టి అంచు ఎన్నటికీ అందదు. ఒకే ఎత్తున్న రెండు చుక్కల మధ్య దగ్గరి దారి కూడా అంచుకు దూరంగా, పైకి వంగి సాగుతుంది.

ఇష్టమొచ్చినట్టు భాగించుకుంటే ఏ దూరమైనా పుడుతుంది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దత్తాంశాన్ని సమాచారం పోకుండా కుదించినా మారని కొలత కావాలంటే, స్కేలు మార్పు తప్ప, రావు కొలతే గతి అని 1972లో రష్యన్ గణితవేత్త చెంత్సోవ్ నిరూపించారు. వితరణల తలాన్ని దాటి వేరే ఆకారాలకు వెళితే ఇంత బలమైన హామీ లేదు. తలంలో కోణాలు చెడకుండా ఒక ఆకారాన్ని మరోదానిగా మార్చి హైపర్బోలిక్ కొలతను మోసుకుపోవచ్చు. మూడు పరిమాణాల్లో అలాంటి మార్పులు చాలా కొద్దివే అని 1850లోనే గణితవేత్త ల్యూవీల్ తేల్చారు. అందుకే గణితవేత్తలు గెరింగ్, పల్కా 1976లో ఏ ఆకారానికైనా పనికొచ్చేలా, దారిలోని ప్రతి చిన్న ముక్కనూ అత్యంత సమీపపు అంచు దూరంతో భాగించారు. అది క్వాజీహైపర్బోలిక్ కొలత. అంచు గీతకు పైన ఉన్న అర్ధతలంలో అది హైపర్బోలిక్ కొలతతో అచ్చంగా సరిపోతుంది గనుక ఆ భాగహారం గాలివాటం కాదు.

మన స్టాటిస్టిక్స్ తరగతుల్లో క్రామర్-రావు అసమానత చెబుతారు. 1945 నాటి అదే వ్యాసంలో ఉన్న ఈ దూరాన్నీ, దాని జ్యామితినీ విద్యార్థులకు చెప్పాలి.