రౌటర్‌కూ ఒక ఆయుష్షు ఉంటుంది

సికింద్రాబాద్‌లోని మా మద్రసా కార్యాలయంలో పుస్తకాల బీరువా మీద ఒక నల్లని వైఫై రౌటర్ ఏడేళ్లపాటు ఉంది. 2014లో దానిని కొన్నాము. దీపాలు వెలుగుతున్నంత కాలం అది బాగానే ఉందని భావించాము. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోయాక పాఠాలన్నీ ఆ చిన్న డబ్బా గుండానే సాగాయి. సబఖ్ మధ్యలో గొంతు ఆగిపోయేది. "ఉస్తాద్, వినిపించడం లేదు" అని పిల్లలు పదే పదే అనేవారు. కొందరు విసిగి రావడమే మానుకున్నారు.

అప్పుడు మేము రెండు పొరపాట్లు చేశాము. ఇంటర్నెట్ వేగం చాలడం లేదని తలచి, 50 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 200కు పెంచి ఏడాది రుసుము ముందే చెల్లించాము. అది దాతలు ఇచ్చిన చందా సొమ్ము. అయినా పాఠాలు బాగుపడలేదు. దానితో, ఫిర్యాదు చేసినప్పుడల్లా వచ్చే యువ సాంకేతికుడిని విద్యార్థుల ఎదుటే కోప్పడ్డాము. ఇది రెండవ పొరపాటు, మొదటిదాని కంటే పెద్దది.

2021లో మూడోసారి వచ్చినప్పుడు అతడు మాటలతో వాదించలేదు. తన ల్యాప్‌టాప్‌ను ఫైబర్ పెట్టెకు నేరుగా తీగతో కలిపి వేగం చూపించాడు. దాదాపు 200 వచ్చింది. తరువాత మా రౌటర్‌కు తీగతో కలిపాడు. 94 దగ్గర ఆగింది. తరగతి గదిలోకి వెళ్లి వైఫైతో చూస్తే 20 కూడా దాటలేదు. "లైన్ బాగుంది మౌల్వీ సాబ్. ట్యాంకు పెద్దది కట్టించారు, పైపు పాతదే ఉంచారు" అన్నాడు. మా రౌటర్‌లో తీగ బిగించే పోర్టు సామర్థ్యమే 100 ఎంబీపీఎస్. అంతకు మించిన ప్లాన్‌కు ఎంత చెల్లించినా అది మోయలేదు. ఆ రోజు అదే విద్యార్థుల ఎదుట అతడిని క్షమాపణ కోరాము. ఇటువంటి పొరపాటు మరికొందరి ఇళ్లలోనూ జరుగుతూ ఉండవచ్చునన్న ఉద్దేశంతో, ఆ తరువాత మేము తెలుసుకున్న సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

మూడు ఆయువులు

రౌటర్ ఎన్నేళ్లు పనిచేస్తుంది అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దానికి మూడు ఆయువులు ఉంటాయి. అవి ఒకేసారి ముగియవు.

మొదటిది యంత్రం ఆయువు. రౌటర్ రాత్రింబవళ్లు ఆగకుండా పనిచేసే పరికరం. దాని లోపల, అడాప్టర్ లోపల కెపాసిటర్లు అనే భాగాలు ఉంటాయి. వాటిలోని ద్రవం వేడికి నెమ్మదిగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్ రంగంలో ఒక లెక్క ఉంది. మే నెలలో మన నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అటువంటప్పుడు రౌటర్‌ను మూసిన అల్మరాలో పెట్టడం, దాని మీద గుడ్డ కప్పడం, టీవీ వెనుక ఇరికించడం దాని ఆయుష్షును మనమే తగ్గించడం. విద్యుత్ హెచ్చుతగ్గులు, దుమ్ము, పిడుగులు కూడా అదే పని చేస్తాయి. ఇంతటి శ్రమలో కూడా మంచి రౌటర్ ఏడెనిమిదేళ్లు వెలుగుతూ ఉండవచ్చు.

రెండవది ప్రమాణం ఆయువు. వైఫై ప్రమాణాలు కొన్నేళ్లకొకసారి మారుతూ వచ్చాయి. ఇప్పుడు వైఫై 4 అని పిలిచేది 2009లో, వైఫై 5 2013లో వచ్చాయి. వైఫై 6 పరికరాలకు 2019లోను, వైఫై 7 పరికరాలకు 2024లోను ధ్రువీకరణ మొదలైంది. పాత రౌటర్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు మాత్రమే ఉంటాయి. ఇవి గోడలను బాగా దాటుతాయి. కానీ వార్సిగూడ, చిలకలగూడ వంటి ఇరుకైన బస్తీలలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అదే దారిలో కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ దారి విశాలమైనది, వేగవంతమైనది. అయితే గోడలను అంతగా దాటదు. కాబట్టి రెండూ ఉన్న రౌటర్ కుటుంబానికి మేలు.

మూడవది భద్రత ఆయువు. కంటికి కనిపించకుండా ముగిసేది ఇదే. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. అందులోని సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. లోపాలు బయటపడినప్పుడల్లా తయారీదారు దానికి అప్‌డేట్ ఇవ్వాలి. కొన్నేళ్ల తరువాత ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఆగిపోతాయి. ఆ తరువాత బయటపడే లోపాలు తెరిచిన తలుపులుగా మిగిలిపోతాయి.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2017 జూలైలో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వినియోగదారుల మోడెములపై మాల్వేర్ దాడి జరిగింది. 'అడ్మిన్' అన్న తొలి పాస్‌వర్డ్‌ను మార్చకుండా వదిలేసిన మోడెములు దానికి చిక్కాయి. పాస్‌వర్డ్ మార్చుకొమ్మని సంస్థ వినియోగదారులను కోరవలసి వచ్చింది. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ 54 దేశాలలో కనీసం 5 లక్షల పరికరాలలో చొరబడినట్లు బయటపడింది. వాటిలో ఎక్కువ భాగం ఇళ్లలోను, చిన్న కార్యాలయాలలోను వాడే రౌటర్లే. అప్‌డేట్లు ఆగిపోయిన పాత రౌటర్లను నేరగాళ్లు తమ ఆచూకీ దాచుకునేందుకు వాడుకుంటున్నారని 2025 మేలో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అంటే ఎక్కడో ఎవరో చేసిన మోసానికి మన ఇంటి చిరునామా కనిపించే ప్రమాదం ఉంది.

మార్చే ముందు చూడవలసినవి

నెట్ నెమ్మదించినంత మాత్రాన కొత్త రౌటర్ కొనడం దుబారా. ముందు ఈ వరుసలో పరీక్షించండి.

ఫైబర్ పెట్టె మీద ఎల్ఓఎస్ అని రాసిన దీపం ఎర్రగా వెలిగితే లోపం సాధారణంగా లైన్‌లోనే ఉంటుంది. రౌటర్ మార్చినా లాభం లేదు.

రౌటర్ తరచుగా తనంతట తాను ఆగి మొదలవుతూ ఉంటే ముందు అడాప్టర్‌ను అనుమానించండి. చాలాసార్లు అదే ముందుగా పాడవుతుంది. కొత్తది కొద్ది వందల రూపాయలలో దొరుకుతుంది. వోల్టు పాతదానితో సరిగ్గా సమానంగా, ఆంపియర్ సమానంగా లేదా ఎక్కువగా ఉండాలి. పిన్ను కూడా అదే రకం కావాలి. బీఐఎస్ గుర్తు ఉన్నదే తీసుకోండి.

తరువాత స్థానం మార్చి చూడండి. ఇంటి మధ్యలో, నేలకు ఎత్తుగా, గాలి తగిలేచోట పెట్టండి. చివరగా, మా సాంకేతికుడు చేసినట్లే తీగతో ఒకసారి, వైఫైతో ఒకసారి వేగం కొలవండి. లోపం ఎక్కడుందో తెలిసిన తరువాతే డబ్బు తీయండి.

ఎప్పుడు మార్చాలి?

అప్‌డేట్లు ఆగిపోతే, రౌటర్ పనిచేస్తున్నా మార్చండి. మోడల్ సంఖ్య దాని అడుగున ఉంటుంది. తయారీదారు వెబ్‌సైట్‌లో చివరి అప్‌డేట్ తేదీ చూడవచ్చు. డబ్ల్యూపీఏ2 భద్రత కూడా లేని రౌటర్‌ను వెంటనే మార్చాలి. తీసుకున్న ప్లాన్‌ను రౌటర్ మోయలేకపోతే రెండిట్లో ఒకటి మార్చాలి. 100 లోపు ప్లాన్ మీ ఇంటికి సరిపోతే ప్లాన్ తగ్గించుకోవడమే మంచిది. మొత్తం మీద నాలుగైదేళ్లకొకసారి ఈ పరిశీలన చేయడం మంచి పద్ధతి. అయిదేళ్లు నిండాయన్న ఒక్క కారణంతో పారవేయనక్కర లేదు.

పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొత్త రౌటర్ కోసం తిరిగినప్పుడు దుకాణదారులు యాంటెన్నాల సంఖ్యను చూపించారు. మీరు అడగవలసినవి వేరు: రెండు తరంగాలూ ఉన్నాయా, పోర్టులు గిగాబిట్‌వేనా, డబ్ల్యూపీఏ3 ఉందా, అప్‌డేట్లు ఎంతకాలం ఇస్తారు? ఈ చివరి కాలపరిమితిని తయారీదారు ముందే ప్రకటించాలని బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమలులో ఉంది. ఇక్కడ మనమే అడిగి తెలుసుకోవాలి. రౌటర్ ఇంటర్నెట్ సంస్థదే అయితే కొనే ముందు మార్చి ఇమ్మని వారినే కోరండి.

పాత రౌటర్‌ను ఇచ్చివేసే ముందు రీసెట్ రంధ్రంలో పిన్నుతో పది సెకన్లు నొక్కి మీ పాస్‌వర్డులు చెరిపివేయండి. చెత్తబుట్టలో వేయకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పునర్వినియోగ బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. అధీకృత సేకరణ కేంద్రానికే అప్పగించండి. అప్‌డేట్లు లేని రౌటర్‌ను పేదవారికి దానమివ్వడం కూడా సరికాదు. మన ఇంటికి ప్రమాదమైనది వారి ఇంటికీ ప్రమాదమే.

2021లో కొన్న రౌటర్ అడుగున కొన్న తేదీని కాగితం మీద రాసి అంటించాము. మద్రసా ఆస్తుల రిజిస్టరులోనూ నమోదు చేశాము. చందా సొమ్ముతో కొన్న వస్తువు అమానతు కదా. దానికి నాలుగేళ్లు నిండినప్పుడు తయారీదారు వెబ్‌సైట్ చూశాము. అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయి. ప్లాన్‌ను 100కు తగ్గించుకున్నాము, పాఠాలు ఆగడం లేదు. అందువల్ల దానిని మార్చలేదు. ఆ కాగితం మీద మళ్లీ చూడవలసిన తేదీ మాత్రం రాసిపెట్టాము.