లండన్–పారిస్: దగ్గరి దూరం, పొడవైన ప్రయాణం

లండన్, పారిస్ నగరాల మధ్య దూరం సుమారు 344 కిలోమీటర్లు. భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి చిన్న దారిని మహావృత్త మార్గం అంటారు. ఈ లెక్క ఆ దారి వెంబడి వేసినది కనుక, ఇంగ్లిష్ ఛానల్‌ను దాటి సాగే రోడ్డు దూరం దీనికన్నా వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువే. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానానికి, ఉత్త భాగహారం ప్రకారమైతే, ఇరవయ్యారు నిమిషాలు చాలాలి. టికెట్టు మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా ఉంటుంది.

విమానయాన సంస్థలు ప్రకటించేది ‘బ్లాక్ టైమ్’ కావడమే ఇందుకు ముఖ్య కారణం. ఆగి ఉన్న విమానం కదలకుండా చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలను తీసింది మొదలు, గమ్యంలో వాటిని మళ్లీ పెట్టేదాకా పట్టే కాలమే బ్లాక్ టైమ్. ఇందులో గాలిలో గడిచేది ముప్పావు గంటకు కాస్త ఎక్కువ. ఆ కాస్తలోనూ పైకి ఎక్కడం, కిందికి దిగడమే అధికభాగం కనుక, పూర్తి వేగంతో సాగే అవకాశం కొద్దిసేపే దొరుకుతుంది. మిగిలినదంతా నేల మీద మెల్లగా కదలడానికీ, రన్‌వే కోసం వేచి ఉండటానికీ పట్టే సమయం. రెండే రన్‌వేలతో నెట్టుకొస్తున్న లండన్ హీత్రూ విమానాశ్రయంలో దిగవలసిన విమానాలైతే, రద్దీ వేళల్లో వంతు వచ్చేదాకా ఆకాశంలోనే చుట్లు తిరుగుతాయి. ఆలస్యమైందన్న మాట పడకుండా సంస్థలు ముందుగానే కొంత సమయం కలిపి ప్రకటించడమూ మామూలే.

ఈ దారిలో రోజువారీ ప్రయాణికుల విమానం 1919 ఆగస్టు 25న మొదలైంది. నేటి హీత్రూకు చేరువలోనే ఉన్న హౌన్‌స్లో హీత్ మైదానం నుంచి పారిస్ శివారులోని లే బూర్జేకు చేరడానికి ఆ చిన్న విమానానికి దాదాపు రెండున్నర గంటలు పట్టింది. వందేళ్లలో వేగం ఎన్నో రెట్లు పెరిగినా ప్రయాణకాలం మాత్రం సగమే తగ్గింది. పైగా 1994లో మొదలైన యూరోస్టార్ రైలు ఇప్పుడు రెండుంబావు గంటల్లో ఊరి నడిబొడ్డు నుంచి ఊరి నడిబొడ్డుకు చేర్చడంతో, విమానాశ్రయానికి వెళ్లిరావడం, తనిఖీలు కలుపుకుంటే విమానానిదే వెనకబాటు.

గడియారం చేసే తికమక మరొకటి. లండన్‌లో తొమ్మిదింటికి బయలుదేరిన విమానం పారిస్‌కు 11.20కి చేరినట్టు, పారిస్‌లో తొమ్మిదింటికి బయలుదేరినది లండన్‌కు 9.20కే చేరినట్టు టికెట్టు చూపుతుంది. పారిస్ కాలమానం గంట ముందుండటమే దీనికి మూలం. నిజానికి లండన్ మీదుగా పోయే గ్రీనిచ్ రేఖకు పారిస్ రెండు డిగ్రీల పైచిలుకు తూర్పున మాత్రమే ఉంది. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది కాబట్టి సూర్యుడి లెక్కన రెంటికీ తేడా తొమ్మిది నిమిషాలకు కాస్త పైన. 1911లో ఫ్రెంచి చట్టం గ్రీనిచ్ పేరెత్తడానికి మనసొప్పక, దేశ కాలమానాన్ని ‘తొమ్మిది నిమిషాల ఇరవయ్యొక్క సెకన్లు తగ్గించిన పారిస్ కాలం’గా నిర్వచించింది. 1940లో పారిస్‌ను ఆక్రమించిన జర్మన్లు అక్కడి గడియారాలను బెర్లిన్ కాలానికి మార్చగా, యుద్ధం ముగిశాక కూడా ఫ్రాన్స్ ఆ గంట తేడాను వదులుకోలేదు.